చెరువుగట్టు దొంగని చూసొచ్చాను

నాకు యాభై మూడేళ్ళు. బాపట్లలో ఐదో తరగతి పిల్లలకి పాఠాలు చెప్తాను. వాళ్ళని విహారయాత్రకి తీసుకెళ్ళమంటే ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునే రకాన్ని. అలాంటిదాన్ని వేసవి సెలవుల్లో ఒక్కదాన్నే రైలెక్కి, ఎక్కడో నగరంలో ఉన్న జూకి వెళ్తున్నానంటే మా స్టాఫ్ రూమ్‌లో ఒకటే నవ్వులు. వెళ్ళేది పులి కోసమో సింహం కోసమో కాదు, పిల్లి కోసం అని చెప్పాక నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ జూ పేరు గానీ, ఆ నగరం పేరు గానీ రాయను. చాలా పాతదని మాత్రం చెప్తాను. ఎందుకు రాయడం లేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మా వదిన "నా సంగతి రాసుకో, ఆ జూ డాక్టరమ్మకి మాత్రం చికాకు తేకు" అంది. అదీ ఒప్పందం.

రేపల్లె దాటాక

మా వదిన సువార్తమ్మ మా ఆయనకి అక్క. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే మడ అడవికి దగ్గరలో ఆవిడకి రెండెకరాల చేపల చెరువుంది. ఆవిడ భర్త, మా అన్నయ్య పోయాక ఊళ్ళో ఇల్లు మూసేసి చెరువుగట్టు మీదే రేకుల షెడ్డులో ఉంటోంది. జూకి వెళ్ళమని పురమాయించింది ఆవిడే కాబట్టి ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

బస్సులో నా పక్కన ఒకావిడ గంపెడు ఎండు సావిడాయ చేపలతో కూర్చుంది. దిగేసరికి నా చీర కూడా ఎండు చేపలా తయారైంది. వదిన దగ్గరికి రానిచ్చి, వాసన చూసి, "మంచి సావిడాయలే, ఎక్కడ కొన్నావు?" అని అడిగింది.

మధ్యాహ్నం జిలేబి వేపుడు వేసింది. జిలేబి అంటే మిఠాయి కాదు. మా వైపు తిలాపియా చేపని అలా అంటారు. ఎవరూ పెంచకపోయినా కాలవ నీళ్ళతో చెరువులో చేరి, పెంచుకునే బొచ్చె, శీలావతి చేపలకి వేసిన మేత అంతా బొక్కి, పిల్లల మీద పిల్లల్ని పెట్టే చేప. చెరువు రైతుకి దాన్ని చూస్తే ఒళ్ళు మంట. ఉప్పూ కారం పట్టించి వేపితే మాత్రం నాకు మహా ఇష్టం.

చెయ్యి కడుక్కున్నాక వదిన నన్ను గట్టు చివరికి తీసుకెళ్ళింది. అక్కడ మట్టి కుంగి ఉంది. పక్కనే ఇసుక బస్తాలు వేసి ఉన్నాయి.

"ఎలకలు," అంది. "బొరియలు పెట్టేసినయ్యి. ఇన్నేళ్ళలో ఈ గట్టు ఎప్పుడూ కారలేదు. అది పోయిన పదిహేను రోజులకి మొదలైంది."

అది అంటే బావురుపిల్లి. నీళ్ళలో దిగి చేపలు పట్టే అడవి పిల్లి, మడ అడవుల్లో ఉంటుంది. కథ అంతా నాకు ముందే ఫోన్‌లో చెప్పింది. రెండు నెలల కిందట తెనాలి రోడ్డు మీద కల్వర్టు పక్కన కాలు కోసుకుపోయి పడి ఉన్న బావురుపిల్లి కనపడితే, ఆవిడే గోనెసంచి కప్పి ఆటోలో వేసుకుని అటవీశాఖ వాళ్ళకి అప్పగించింది. వాళ్ళు నగరంలోని జూకి పంపారు. మా చుట్టాలందరిలో ఆవిడ పేరు మారుమోగిపోయింది. చర్చిలో పాస్టరుగారు కూడా లేచి నిలబడమన్నారట.

"శాంతా, రోడ్డు మీద కాదు దొరికింది," అంది వదిన గట్టుకేసి చూస్తూ. "ఇదిగో, ఇక్కడ. ఉచ్చు పెట్టింది నేనే."

"నువ్వా?" అన్నాను.

చేపలు తగ్గుతున్నాయని ఆవిడకి అనుమానం. తెల్లారి గట్టు మీద చేప తలకాయలు కనపడేవి. పాత స్కూటర్ క్లచ్ వైరుతో ఉచ్చు వేసింది. చుట్టుపక్కల చెరువుల వాళ్ళంతా అలాగే వేస్తారట. తెల్లవారి చూస్తే పిల్లి ముందు కాలు వైరులో ఉంది. ఎముక కనపడుతోంది. అరవడం లేదు, ఆవిడ వైపు చూస్తోంది. ఆవిడే వైరు కత్తిరించింది. నిజం చెప్తే కేసవుతుందని భయపడి రోడ్డు మీద దొరికిందని అబద్ధం ఆడింది.

"తర్వాత చేపల పట్టుబడికి వల లాగితే ఏమైందో తెలుసా? బొచ్చెలు లెక్కకి లెక్క ఉన్నాయి. అది తిన్నది జిలేబీల్ని, ఎలకల్ని. నాకు జీతం లేని కాపలా అది. కాలు విరగ్గొట్టి పంపాను."

అందుకని నేను వెళ్ళి చూసి రావాలి. ఆవిడ చెరువు వదిలి కదలలేదు. బతికుందా, కుంటుతోందా, ఎప్పుడు పంపుతారు అని మూడే ప్రశ్నలు. ఉచ్చు సంగతి నా కడుపులోనే పెట్టుకోవాలి. మాటిచ్చాను. వచ్చేటప్పుడు రెండు కేజీల ఎండు సావిడాయల పొట్లం కట్టిచ్చింది. "దానికి పెట్టు. ఊరి తిండికి మొహం వాచి ఉంటది," అంది.

తెనాలిలో అడిగినవాళ్ళకి ఏం చెప్పాను

తెనాలి స్టేషన్లో రైలు ఆలస్యం. పది రూపాయలకి జామకాయలు కొంటే అమ్మే ఆవిడ ఉప్పూ కారం చల్లి ఇస్తూ "ఎక్కడికమ్మా ప్రయాణం?" అంది. జూకి అన్నాను. "పిల్లలేరీ?" అని నా వెనక వెతికింది.

రైలెక్కాక అసలు కష్టం మొదలైంది. ఎండు చేపల పొట్లాన్ని మూడు కవర్లలో చుట్టినా వాసన ఆగదు. ఎదుటి సీటాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పై బెర్తు కుర్రాడు కిందకి వంగి వాసన ఎక్కణ్ణించని వెతికాడు. నేనూ వాళ్ళతో పాటే ముక్కు మూసుకుని, "ఏంటండీ ఈ వాసన, రైల్వే వాళ్ళు శుభ్రం చేయరా?" అన్నాను. పాఠాల్లో నిజమే చెప్పాలని పిల్లలకి చెప్పే నోటితోనే అన్నాను. మా కుటుంబంలో అబద్ధం అంటువ్యాధిలా ఉందే అని అప్పుడే అనిపించింది.

పాత బోను

నగరంలో పొద్దున్నే టిఫిన్ చేశాను. ప్లేటు ఇడ్లీ అరవై రూపాయలు, మూడు ఇడ్లీలు, చట్నీ నీళ్ళలా ఉంది. బాపట్లలో అందులో సగానికి నాలుగు పెట్టి, అల్లం పచ్చడి అడక్కుండానే వేస్తారు. గొణుక్కుంటూనే జూ గేటు దాటాను.

దాటిన తర్వాత గొణుగుడు ఆగిపోయింది. ఆ చెట్లు ఎప్పటివో. కింద ఎండ పొడలే తప్ప ఎండ లేదు. ఎక్కడో సింహం గర్జించింది. ఆ శబ్దం చెవితో కాకుండా పొట్టతో విన్నాను, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఒక మూల పెద్ద తాబేలు తోటకూర కట్ట నములుతోంది. నేను కూర్చుంటే నాకంటే పెద్దదిగా ఉంది. ఒక ఆకు తినడానికి అది తీసుకున్న సమయంలో మా బడిలో ఒక పీరియడ్ అయిపోతుంది. నన్ను చూసి కళ్ళార్పింది. ఎందుకో నమస్కారం పెట్టాను.

రేపల్లె అటవీశాఖ గార్డు ముందే ఫోన్ చేసి ఉంచాడు కాబట్టి నన్ను లోపలికి తీసుకెళ్ళడానికి ఒక కీపర్ వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, పేరు మస్తాన్‌వలి.

"రండమ్మా. బాపట్ల నుంచా? మాది తెనాలండి," అన్నాడు. అంత దూరంలో ఆ 'అండి' వినేసరికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్న తెనాలి నుంచి వచ్చి ఈ జూలోనే పనికి కుదిరాడట. ఈయన ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట మారలేదు.

పొట్లం ఇవ్వబోతే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఉప్పు చేపలు దానికి పెట్టకూడదండి. కిడ్నీలు పోతాయి." నా మొహం వాడిపోవడం చూసి కొంచెం ఆగాడు. "నాకివ్వండి పోనీ. మా ఇంట్లో ఈ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో." అలా పిల్లి కోసం వచ్చిన సావిడాయలు మస్తాన్ గారి ఇంటికి చేరాయి.

దారిలో ఒక పాత రాతి బోను కనిపించింది. లావుపాటి ఇనుప ఊచలు, లోపల సిమెంటు అరుగు, తలుపు తీసే ఉంది.

"ఇందులో చిరుతపులి ఉండేదండి, మా నాన్న టైములో. ఇప్పుడు దేన్నీ పెట్టరు. అన్నీ కూలగొట్టి ఇదొక్కటీ ఉంచారు, మనుషులు లోపలికెళ్ళి కూర్చుని చూడాలని. మా నాన్న దీన్ని రోజూ కడిగేవాడు. అది గోడ నుంచి గోడకి తిరగడం చూసీ చూసీ, ఇంటికొచ్చాక అన్నం తినేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

నీళ్ళ మీద కాలు

దెబ్బ తగిలిన జంతువుల్ని ఉంచే చోటికి సందర్శకుల్ని రానివ్వరు. మస్తాన్ గారు నా చేత చెప్పులు విప్పించి, సబ్బు లేకుండా వట్టి నీళ్ళతో చేతులు కడిగించాడు. మాట్లాడొద్దు, కదలొద్దు అన్నాడు. దానికి మనిషి అలవాటు కాకూడదట. ఆయన మేత పెట్టేటప్పుడు కూడా ముఖం చూపించకుండా తడిక వెనక నుంచే గొట్టంలో చేపల్ని వదులుతాడు. రెండు నెలలుగా రోజూ సాకుతున్న మనిషి ముఖం దానికి తెలియదు. "తెలిస్తే నేను ఓడిపోయినట్టేనండి," అని గుసగుసగా చెప్పాడు.

తడికలో అరచేతంత కంత ఉంది. అందులోంచి చూశాను.

చిన్న మడుగు, చుట్టూ తుంగ, అడ్డంగా ఒక దుంగ. ముందు నాకేమీ కనపడలేదు. తర్వాత దుంగ మీద బురద రంగు కదిలింది. మా ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. ఒంటి మీద నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి, నుదుటి మీద గీతలు, పొట్టి తోక. కుడి ముందు కాలికి కంకణంలా వెంట్రుకలు లేని మచ్చ ఉంది.

మస్తాన్ గారు చేపల్ని వదిలాడు. అది వెంటనే దూకలేదు. ఆ మచ్చ ఉన్న కాలే చాపి, నీళ్ళ మీద సుతారంగా తట్టింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. పైన పురుగు వాలిందనుకుని చేప పైకి వస్తుందట. తట్టడం ఆగింది. తర్వాత తల ముందుగా ఆ పిల్లి మొత్తం నీళ్ళలో మాయమైంది. శబ్దమే లేదు. లేచేసరికి నోట్లో చేప కొట్టుకుంటోంది, మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

నీళ్ళంటే పారిపోయే పిల్లుల్నే చూసినదాన్ని నేను. వదిన ఇంటి వెనక ఇన్నేళ్ళుగా ఇది జరుగుతుంటే, మేము తలకాయలు లెక్కపెట్టుకుంటూ దొంగ అన్నాం. సిగ్గుతో నా కళ్ళు నీళ్ళతో నిండాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదపొద్దన్నాడు కదా, అలాగే ఉండిపోయాను.

డాక్టరమ్మ గదిలో

డాక్టరమ్మది మా అమ్మాయి వయసే ఉంటుంది. టీ తెప్పించింది. ఒక కవరు నా చేతిలో పెట్టింది. తెరిస్తే దళసరి కాగితం మీద మా వదిన పేరు, గాయపడిన వన్యప్రాణిని కాపాడినందుకు ప్రశంసాపత్రం.

"ఆవిడకి మీరే ఇవ్వండి మేడం. రోడ్డు మీద చూసి కూడా ఎంతమంది ఆగుతారు?"

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

"కాలు బాగైపోయింది. వేటాడుతోంది కూడా, చూశారుగా," అంది డాక్టరమ్మ. "కానీ సోమవారం దీన్ని లోపల ఆవరణలోకి మార్చేస్తున్నాం. ఇక్కడ మగది ఒకటుంది, జత కలుపుతాం. ఈ జాతి తగ్గిపోతోంది కాబట్టి అదీ అవసరమైన పనే."

"తర్వాత పంపేస్తారా?"

"లేదండి. ఇక ఇక్కడే."

ఎందుకని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ పిల్లుల్ని ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడే వదలాలి. వేరే చోట వదిలితే అక్కడున్న పిల్లి దీన్ని ఉండనివ్వదు, సొంత చోటు వెతుక్కుంటూ ఇది రోడ్ల మీద పడి చస్తుంది. కల్వర్టు చుట్టూ వారాల తరబడి వెతికించారు. ఒక్క అడుగు జాడ కూడా లేదు.

"గాయం వైరుదేనండి, బండి తగిలింది కాదు. ఉచ్చు పెట్టినవాళ్ళే భయపడి రోడ్డున పడేసి ఉంటారు. వాళ్ళెవరో తెలిస్తే దీని చోటు తెలిసేది," అని ఆవిడ నా కళ్ళలోకి చూసింది. అనుమానించి చూసిందో, మామూలుగానే చూసిందో నాకు ఈనాటికీ తెలియదు.

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా. పైగా అది నా నేరం కాదు, నేను ఒప్పుకోవడానికి. ఫోన్ చేసుకుని వస్తానని బయటికి నడిచాను.

నీడగా, నిశ్శబ్దంగా ఉన్న చోటు ఆ పాత బోను ఒక్కటే. లోపలికెళ్ళి అరుగు మీద కూర్చున్నాను.

"వదినా, బతికే ఉంది," అన్నాను.

అవతల వదిన, చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ మోటారు ఆపేసింది.

"కుంటుతోందా?"

"లేదు. మచ్చ ఒకటుంది, అంతే. ఆ కాలితోనే చేపని పిలుస్తోంది."

"మరి ఎప్పుడు పంపుతారంట?"

చెప్పాను, డాక్టరమ్మ చెప్పినదంతా. వదిన ఉన్నది ఉన్నట్టు చెప్పమంది కాబట్టి ఆ ప్రశంసాపత్రం సంగతి కూడా చెప్పాను. దాని ఆవరణ పెద్దదేనని, తిండికి లోటు లేదని, బాగా చూసుకుంటారని కూడా అన్నాను. అన్నీ నిజాలే.

"నీ మాట అట్టా బొంగురుగా వస్తందేంటి? ఎక్కడున్నావు?"

"పాత బోనులో కూర్చున్నాను. ఇప్పుడిందులో ఏమీ లేదులే."

"ఎంతుంది?"

లేచి నడిచాను. ఇటు ఏడడుగులు, అటు తొమ్మిది. చెప్పాను.

వదిన నెమ్మదిగా అంది. "మన చెరువు దగ్గర్నుంచి మడ దాకా దాని దారి నాకు తెలుసు. మూడు గట్లు దాటి, మురుగుకాలవ ఈది వచ్చేది. ఫోన్ డాక్టరమ్మకివ్వు."

"వదినా, కేసవుద్ది. ఆలోచించుకో."

"రెండు నెలల్నుంచి చేసేది అదేగా. ఇయ్యి."

డాక్టరమ్మ గదికి తిరిగెళ్ళి ఫోన్ ఇచ్చాను. ఆవిడ చాలాసేపు వింటూ ఉండిపోయింది. ముఖంలో కోపం వచ్చింది, అది దాచుకోలేదు. కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఏ తూము, ఏ కాలవ, మొండి తాటిచెట్టుకి ఎటువైపు, అన్నీ. చివర్లో అంది, "అమ్మా, ఇది నేను పైకి రాయాలి. మీ పేరు రాయక తప్పదు."

ఫోన్‌లో వదిన గొంతు నాకూ వినపడింది. "రాయండమ్మా. ఇంటిపేరుతో సహా రాయండి. దాన్ని మాత్రం పంపండి."

డాక్టరమ్మ నా ముందున్న ప్రశంసాపత్రాన్ని తీసి, చింపకుండా, సొరుగులో పెట్టింది.

మళ్ళీ గట్టు మీద

వెంటనే పంపలేదు. చుట్టూ ఉచ్చులున్నంత కాలం వదిలేది లేదని అధికారులు ఖండితంగా చెప్పారు. అప్పుడు మా వదిన చేసిన పని తల్చుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. చెరువు చెరువుకీ వెళ్ళి, "నేను పెట్టాను, పట్టుబడ్డాను. మీ గట్లు కూడా ఎలకలు తవ్వుతున్నాయిగా, తీసేయండి" అని అడిగింది. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. నెల తిరిగేసరికి ఆవిడ షెడ్డులో గోనెసంచి నిండా క్లచ్ వైర్లు పోగయ్యాయి.

వదిలిన రోజు తెల్లవారుజామున నేనూ ఉన్నాను. మస్తాన్ గారు జీపులో వచ్చాడు, ముఖానికి గుడ్డ కట్టుకుని. పెట్టె తలుపు ఎత్తారు. ఒక బురద రంగు చార తుంగలోకి వెళ్ళిపోయింది. అంతే.

"నా వంక చూడను కూడా చూడలేదు," అంది వదిన.

"చూడకపోవడమే మంచిదండి," అన్నాడు మస్తాన్ గారు. గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

కేసు ఇంకా తేలలేదు. పిలిచినప్పుడల్లా వదిన మంచి చీర కట్టుకుని రేపల్లె వెళ్ళి నిలబడి వస్తోంది. చర్చిలో మాత్రం తనే లేచి అందరి ముందూ చెప్పేసింది.

మొన్న నేను క్లాసులో ఉండగా ఫోన్ చేసింది. పాఠం మధ్యలో ఎప్పుడూ ఎత్తను, ఆ రోజు ఎత్తాను.

"శాంతా, గట్టు మీద మూడు తలకాయలున్నాయి."

"జిలేబీలా?"

"రెండు జిలేబీలు. మూడోది నా బొచ్చె. కేజీన్నర ఉంటది, ముదనష్టపుది." తిట్టి, తనే సర్దిచెప్పుకుంది. "పోనీలే. దాని వాటా అది."

ఆ తలకాయల్ని ఊడ్చెయ్యలేదట. కాకులు ఎత్తుకుపోయేదాకా పక్కనే కూర్చుని చూసుకుందట.